చప్పుడొస్తే చూద్దాంలే!

మావారు మంచివారు. ఈ ముక్క ముందే చెప్పేస్తే తరవాత రాయబోయేదానికి ఇంట్లో గొడవ వుండదని చెబుతున్నాను. ఆయనకి బండి అంటే ప్రాణం. ఆదివారం పొద్దున్నే బకెట్టూ, షాంపూ, మెత్తటి గుడ్డా పట్టుకుని వాకిట్లోకి వెళ్లారంటే పది దాటినా ఇంట్లోకి రారు. ఉప్మా చల్లారిపోతుంది. బండంటే మామూలు కారు కాదండోయ్, ఫోర్ వీల్ డ్రైవు! నాలుగు చక్రాలూ తిరుగుతాయిట. అన్ని కార్లకీ నాలుగు చక్రాలూ తిరుగుతాయి కదండీ అని నేను మొదట్లో అమాయకంగా అడిగాను. అలా కాదట, నాలుగింటికీ ఇంజను బలం అందుతుందట. ఏడుగురు కూర్చోవచ్చు. ఎక్కాలంటే మాత్రం మా అత్తగారికి పీట వెయ్యాలి.

అంత ముద్దుగా చూసుకునే బండికి బ్రేకుల సంగతి వచ్చేసరికి ఆయన సిద్ధాంతం ఒక్కటే. "చప్పుడొస్తే చూద్దాంలే!"

ఈ సిద్ధాంతంతోనే నా పేచీ. ఆయనొక్కరితో కాదు, ప్రతి వీధిలోనూ ఈ మతంవాళ్లు వున్నారు. దీనికి సరిగ్గా ఎదురు మతం రిపేరు షాపులది. "ముప్ఫై వేలు తిరిగింది సార్, మొత్తం మార్చేద్దాం!" అంటారు వాళ్లు. ఒకరు చూడకుండా వద్దంటారు. ఒకరు చూడకుండా కావాలంటారు. చూడండి బాబూ అని అడిగిన ఆడదాన్ని చూసి మాత్రం ఇద్దరూ కలిసి ఒకటే నవ్వు నవ్వుతారు.

"బ్రేకుల సంగతి నీకేం తెలుసు వదినా?" అన్నాడు మా మరిది ఒకసారి. అప్పటికి నిజంగానే తెలియదు. కానీ అరిగిపోయే వస్తువుల సంగతి మనకి తెలిసినంత ఎవరికి తెలుసండీ? కుక్కరు గాస్కెట్టు సాగిందో లేదో వేలితో పట్టి చూస్తాం. ఆవిరి పక్కనుంచి బుస్సుమన్నాక గాని మార్చనంటే ఆ ఇంట్లో పప్పు ఉడికినట్టే. మా అమ్మ రోలుకి గంట్లు కొట్టించేది. వీధిలో గంట్లవాడి కేక వినపడగానే ముందు వెళ్లి రోట్లో అరచెయ్యి పెట్టి రాసి చూసేది. నున్నగా తగిలితే వాణ్ణి పిలిచేది, గరుకుంటే "పై నెల రావయ్యా" అనేది. ఏడాదికోసారి అన్న లెక్కా లేదు, పప్పు నలగనప్పుడు చూద్దామన్న బద్ధకమూ లేదు. చేత్తో చూసేది. నేను బండి విషయంలో అడిగేదల్లా అంతే.

ఇంతకీ నాకీ కోపం ఎందుకొచ్చిందో చెప్పాలి. 2023 మే నెలలో పిల్లల సెలవలకి తిరుపతి ప్రయాణం పెట్టుకున్నాం. బయల్దేరే ముందు రోజు, "ఏమండీ, కొండ దిగాలి, బ్రేకులు చూపించారా?" అన్నాను. ఆయన టార్చిలైటు తీసుకెళ్లి, చక్రం ఊచల సందుల్లోంచి లోపలికి కొట్టి చూసి, "బోలెడుంది!" అని ప్రకటించి వచ్చేశారు. ఆ "బోలెడు" ఎంతో నేను అడగలేదు. అది నా తప్పే.

దర్శనం బ్రహ్మాండంగా అయింది. తిరుగు ప్రయాణం. తిరుమలకి రెండు ఘాట్ రోడ్లున్న సంగతి మీకు తెలిసిందే. 1974లో వేసింది ఎక్కడానికి, 1944లో వేసిన పాతది దిగడానికి. పాత రోడ్డు మలుపులు గట్టి మలుపులు. దేవస్థానంవారు ఇంతకన్నా తొందరగా దిగకూడదని కనీస సమయం కూడా పెట్టారు. బండిలో ఏడుగురం, నెత్తిన క్యారియరు మీద సామాను. అద్దాలు బిగించి ఏసీ, లోపల అన్నమాచార్య కీర్తనలు. ఇక చప్పుడెలా వినిపిస్తుందండీ? బయట గుర్రం సకిలించినా వినపడదు. చప్పుడు కోసం కూర్చునేవాళ్లు కనీసం అద్దమైనా దించుకుని కూర్చోవాలి కదా!

సగం దిగాక మా అత్తగారు, "ఏమ్మా, ఏదో కాలుతున్న వాసన" అన్నారు. ఆవిడ ముక్కు పాలు పొంగడానికి రెండు నిమిషాల ముందే పసిగడుతుంది. మావారు, "ముందు లారీదమ్మా" అన్నారు. ముందు లారీ లేదు. ఇంకో రెండు మలుపులు తిరిగాక ఆయన మెడ మీద చెమట కనిపించింది నాకు. ఏసీలో చెమటేమిటి? "పెడలు లోపలికి పోతోంది" అన్నారు, నెమ్మదిగా, పిల్లలకి వినపడకుండా. ఆ గొంతు నేను పెళ్లయిన ఇరవై రెండేళ్లలో వినలేదు.

అప్పుడాయన ఏం చేశారో తెలుసా? ఒక నాబు తిప్పారు. "ఫోర్ వీల్ పెట్టేశాను, ఇంక భయం లేదు" అన్నారు.

ఇక్కడ కథ ఆపి ఒక మాట చెప్పాలి. ఇదే అసలు రోగం. ఫోర్ వీల్ డ్రైవు బండిని కదిలించడానికి, ఆపడానికి కాదు. బురదలో, ఇసకలో దిగబడితే లాగుతుంది. ఆపేటప్పుడు ఆ పెద్ద బండికీ, పక్కింటివాళ్ల బుల్లి కారుకీ తేడా లేదు, దానికీ నాలుగు చక్రాలకీ బ్రేకులుంటాయి, దీనికీ అంతే. తేడా బరువులోనే, అదీ మనకి ఎదురు తేడా. పైగా ఇలాంటి నాబు తిప్పి వేసుకునే రకం బండిలో ముందు చక్రాలూ వెనక చక్రాలూ ఒకే వేగంతో తిరగాల్సి వస్తుంది. ఆరిన తారు రోడ్డు మీద, మలుపుల్లో అది గేర్లకి చెరుపు. కాబట్టి ఆయన చేసింది నిప్పంటుకుంటే గంట మోగించినట్టయింది.

దేవుడి దయో, చిన్నప్పుడు నేర్పిన డ్రైవరు పుణ్యమో, వెంటనే గేరు తగ్గించి, ఇంజను పట్టు మీద బండి నెమ్మదించాక, హ్యాండు బ్రేకు కొద్దికొద్దిగా లాగుతూ కొండ పక్కకి ఒరిపించి ఆపారు. ఎడమ ముందు చక్రం దగ్గర సన్నగా పొగ. చిన్నది "అమ్మా, టైరు సిగరెట్టు తాగుతోంది" అంది. ఎవరికీ నవ్వు రాలేదు. గంటన్నర అక్కడే కూర్చున్నాం. చల్లారాక పెడలు మళ్లీ గట్టిపడింది. మొదటి గేరులో నత్తనడకన దిగాం. అలా దిగడమూ తప్పేనట, బండిని లాగించుకుని వెళ్లాల్సిందట. ఆ సంగతి కిందకి వెళ్లాక తెలిసింది.

ఇంటికొచ్చాక మా పెద్దాడు, ఇంజనీరింగు చదువుతున్నాడు, కాగితం మీద లెక్క వేసి చూపించాడు. మనుషులూ సామానూ కలిపి రెండున్నర టన్నుల బండి ఆరువందల మీటర్ల ఎత్తునుంచి దిగితే ఆ శక్తంతా వేడి కింద మారాలి. ఆ వేడితో యాభై లీటర్ల పచ్చినీళ్లని కళపెళా మరిగించవచ్చు! కొంత ఇంజనూ గాలీ తీసుకుంటాయి, మనం తక్కువ గేరులో దిగితే. పెద్ద గేరులో బ్రేకు తొక్కుతూ దిగితే దాదాపు అంతా బ్రేకులదే. పెళ్లివారి స్నానాలకి పెట్టే కాగు తలచుకోండి, దాని కింద మంటంతా నాలుగు చక్రాల దగ్గర పెట్టుకుని మనం పైన కూర్చుని పులిహోర తింటున్నామన్న మాట.

అసలీ బ్రేకు ఎలా పనిచేస్తుందో నాకెవరూ చెప్పలేదు, మీకూ చెప్పి వుండరు. చక్రం వెనకాల ఒక పోత ఇనప పళ్లెం చక్రంతోపాటు తిరుగుతూ వుంటుంది. షాపుల్లో డిస్కు అంటారు, పుస్తకాల్లో రోటరు. బరువైన బళ్లకి ముందువైపు అది ఒంటి పళ్లెం కాదు, గాలి ఆడటానికి మధ్యలో సందులుంచిన జంట పళ్లెం. దానికి అటొకటి, ఇటొకటి ప్యాడ్లు. మనం పెడలు తొక్కితే బ్రేకు ఆయిలు ఒత్తిడికి ఆ రెండూ పట్టకారులా పళ్లేన్ని పట్టుకుంటాయి. పట్టుకున్నప్పుడల్లా ప్యాడూ అరుగుతుంది, పళ్లెమూ అరుగుతుంది. ప్యాడు ఎక్కువ, పళ్లెం తక్కువ.

కొత్త ప్యాడుకి అరిగే పదార్థం పది పన్నెండు మిల్లీమీటర్లుంటుంది. దాని వెనక ఇనప రేకు ఒకటి అతికి వుంటుంది. మావారి "బోలెడు"లో సగం ఆ రేకే! అది కలిపి లెక్క వెయ్యకూడదు. అరిగే పదార్థం మూడు మిల్లీమీటర్లకి వచ్చిందంటే మార్చెయ్యాలి. రెండు రూపాయి బిళ్లలు ఒకదానిమీద ఒకటి పెడితే సుమారుగా అంత మందం. రెండు మిల్లీమీటర్లంటే ఇక ఒక్కరోజు ఆగరాదు. ఇంకా వుంది కదా, పూర్తిగా వాడుకుందాం అనడానికి ఇది టూత్‌పేస్టు ట్యూబు కాదు. ప్యాడు పల్చబడ్డకొద్దీ వేడి సూటిగా ఆయిలుకి తగులుతుంది. ఆయిలు మరిగితే బుడగలు పుడతాయి, బుడగలు పుడితే తొక్కిన పెడలు దిండులో కాలు పెట్టినట్టు లోపలికి పోతుంది. ఆ రోజు మాకు జరిగింది అదే.

చప్పుడు మతంవాళ్లు ఒక మాటంటారు, నిజాయితీగా అదీ చెప్పాలి. కొన్ని ప్యాడ్లకి చిన్న ఇనప నాలిక వుంటుంది, అరుగుదల హద్దుకి రాగానే అది డిస్కుకి తగిలి కీచుమని అరుస్తుంది. అలా అరవడానికే పెట్టారు. నిజమే. కానీ అన్నిటికీ వుండదు. మాకు అంతకుముందు వేసిన చవక ప్యాడ్లకి లేదు. వున్నవాటికైనా చక్రానికి ఒక్క ప్యాడుకే వుండవచ్చు. ఇక కీచు దాటి కర్రుకర్రున గీకుడొచ్చిందంటే అది కబురు కాదు, ఇనప రేకు పళ్లేన్ని తినడం మొదలెట్టిందన్న మాట. ప్యాడ్లతో పోయే ఖర్చు డిస్కులకి ఎక్కింది.

తిరుపతిలో ఒక షాపుకి తీసుకెళ్లాం. కుర్రాడు చక్రం విప్పకుండానే, "నాలుగు చక్రాలకీ డిస్కులు, ప్యాడ్లు మార్చేద్దాం మేడమ్" అన్నాడు. మావారు భయం మీదున్నారు, తల వూపేశారు. నేను, "కొలువు నాయనా" అన్నాను.

"కొలిచేదేముంది మేడమ్, కంటికే తెలుస్తుంది."

"నీ కంటికి తెలిసింది నాకు అంకెల్లో చెప్పు."

కుర్రాడు మావారి వంక చూశాడు. మావారు ఆకాశం వంక చూశారు. లోపల్నుంచి ఒక పెద్దాయన వచ్చారు, మా మాటలు విని కాబోలు. రేకుపెట్టెలోంచి, గుడ్డలో చుట్టిన మైక్రోమీటరు తీశారు. నేనెంత సంతోషించానో చెప్పలేను.

చక్రం విప్పారు. ఎడమ ముందు చక్రానికి బయటి ప్యాడు అయిదు మిల్లీమీటర్లుంది. మావారు టార్చి వేసి చూసింది దాన్నే! లోపలి ప్యాడు ఒక కొసన కాగితంలా వుంది. చక్రం సందులోంచి చూస్తే లోపలిది ఎప్పటికీ కనపడదు. అదెందుకు అంతగా అరిగిందీ? ప్యాడ్లని పట్టుకునే క్యాలిపరు జారడానికి రెండు పిన్నులుంటాయి, అవి తుప్పుపట్టి బిగుసుకుపోయాయి. దాంతో బరువంతా లోపలి ప్యాడే మోసింది. ఉమ్మడి కుటుంబంలో ఒక్క కోడలే వంట చేసినట్టు. కుర్రాడు చెప్పిన పద్ధతిలో నాలుగు చక్రాలకీ సరుకు మార్చేసి, ఆ పిన్నులు కడిగి గ్రీజు పెట్టకుండా వుంటే? కొత్త ప్యాడుకీ అదే గతి పట్టేది. వేలకి వేలు పోసి, రోగం మాత్రం ఇంటికి తెచ్చుకునేవాళ్లం.

డిస్కు మీద ఒక అంకె పోత పోసి వుంటుంది, నాకు ఆయనే తుడిచి చూపించారు. మా బండి డిస్కు మీద 26 అని వుంది. కొత్తప్పుడు 28 మిల్లీమీటర్లు, 26కి తగ్గితే పనికిరాదని అర్థం. మొత్తం డిస్కు జీవితమంతా ఆ రెండు మిల్లీమీటర్లే చూడండి! ఎడమది 25.3 వచ్చింది, పైగా గాడులు పడి గ్రామఫోను రికార్డులా వుంది. కుడిది 26.2. "కుడిది వుంచుకోవచ్చు కదండీ" అన్నాను, మన బుద్ధి మనది. "ఉంచితే కొత్త ప్యాడ్లు అరిగేలోపే అది హద్దు దాటిపోతుందమ్మా. పైగా ఒకటి కొత్తది, ఒకటి పాతది అయితే తొక్కినప్పుడు బండి ఒక పక్కకి లాగుతుంది" అన్నారాయన. సరేనన్నాను. కారణం చెప్పిన ఖర్చు నాకు బాధ వుండదు. వెనక ప్యాడ్లు ఏడేసి మిల్లీమీటర్లు, వెనక డిస్కులు శుభ్రంగా వున్నాయి. వాటి జోలికి వెళ్లలేదు. కుర్రాడు చెప్పిన పట్టీలో సగం ఎగిరిపోయింది.

డిస్కుని లేతు మీద పట్టిస్తే సరిపోతుందని కొందరంటారు. రోలుకి గంట్లు కొట్టించినట్టే, తప్పులేదు. కానీ పట్టించాక కూడా ఆ పోత పోసిన అంకెకన్నా మందం మిగలాలి. మిగలదని తెలిసీ పట్టిస్తానన్నవాడి దగ్గరనుంచి బండి తెచ్చేసుకోవాలి. ఇక వేగంలో బ్రేకు తొక్కినప్పుడు స్టీరింగు వణికినా, పెడలు కాలికింద కొట్టుకున్నా, డిస్కు మీద నీలం మచ్చలు గాని సన్న పగుళ్లు గాని కనిపించినా కిలోమీటర్ల లెక్క చెప్పి వాయిదా వెయ్యనియ్యకండి. ఇరవై వేలకే ప్యాడ్లు తినేసే బండి వుంది, అరవై వేలు నడిచే బండీ వుంది. హైవే మీద పోయేది వేరు, ఊళ్లో సిగ్నలు సిగ్నలుకీ ఆగేది వేరు, కొండలు దిగేది వేరు.

బ్రేకు ఆయిలు కూడా మార్పించాం. రెండేళ్లకోసారి మార్చాల్సింది, ఎప్పుడు మార్చారో మావారికి గుర్తులేదు. బండి కడిగిన తేదీలన్నీ గుర్తున్నాయి. ఆ ఆయిలు ఉప్పులాంటిది, గాలిలో తేమ పీలుస్తుంది. డాట్ 4 అనే రకానికి కొత్తప్పుడు 230 డిగ్రీలలోపు మరగకూడదని నిబంధన. తేమ పట్టాక ఆ హద్దు 155కి పడిపోతుంది. ఇంకోటి, ప్యాడ్లు అరిగినకొద్దీ డబ్బాలో ఆయిలు మట్టం దిగుతుంది. దిగింది కదా అని పైన పోసేసి ఊరుకునేవాళ్లున్నారు. అది జ్వరం కొలిచే గొట్టాన్ని చన్నీళ్లలో ముంచడం.

"కొత్త ప్యాడ్లు కొత్త కోడలి లాంటివమ్మా, మొదటి రెండు మూడొందల కిలోమీటర్లు నెమ్మదిగా చూసుకోవాలి, గట్టిగా తొక్కకూడదు" అన్నారు పెద్దాయన. ఆ పోలిక మా అత్తగారికి బాగా నచ్చింది. నాకూ నచ్చింది, కాకపోతే నాకు ఆ రెండు మూడొందల కిలోమీటర్లు దక్కలేదు.

ఖర్చు సంగతి ఎత్తుతారు మగవాళ్లు. ఎత్తనివ్వండి. ఈ బండికి ముందు ఇనప గార్డు పెట్టించారు మావారు, పెద్ద టైర్లు వేయించారు, ఊరంతా వినపడే పాటల పెట్టె పెట్టించారు. ఆ గార్డులు చట్టవిరుద్ధమని 2017 డిసెంబరులో కేంద్ర రవాణా శాఖ రాష్ట్రాలకి రాసేదాకా అది మా బండి మూతికి మీసంలా వుండేది. వీటిలో ప్రతీదీ బ్రేకు పని పెంచేదే. గార్డుతో బరువు పెరిగింది. టైరు వ్యాసం పెరిగితే అదే బ్రేకు ఇంకా గట్టిగా పట్టుకోవాలి. బండిని బరువు చెయ్యడానికి డబ్బుంది, ఆపడానికి లేదా? వేగం సంగతి చెప్పనే అక్కర్లేదు. నలభైలో ఆపినప్పుడు పుట్టే వేడికి ఎనభైలో ఆపితే రెండింతలు కాదు, నాలుగింతలు.

"నీకెందుకివన్నీ" అంటారు చూశారూ, దానికే నాకు ఒళ్లు మండుతుంది. స్టీరింగు ఆయన చేతిలో వుండొచ్చు. వెనక సీట్లో పిల్లని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నది నేను. చక్రం విప్పమని నేననడం లేదు, చేతికి మసి పూసుకోమని మిమ్మల్నీ అనను. బండి సర్వీసు నుంచి రాగానే, "లోపలి ప్యాడు ఎంతుంది, బయటిది ఎంతుంది, డిస్కు ఎంతుంది?" అని మూడు అంకెలు అడగండి. "బాగానే వుంది మేడమ్" అంకె కాదు. "బోలెడుంది" అంతకన్నా కాదు.

మా ఇంట్లో పాల లెక్క రాసే పుస్తకం ఆఖరి పేజీలో ఇప్పుడొక పట్టీ వుంది. ముందు ఎడమ, ముందు కుడి, వెనక ఎడమ, వెనక కుడి, ఒక్కోదానికి లోపల, బయట. పదివేల కిలోమీటర్లకోసారి మావారు ఆ కాగితం పట్టుకెళ్లి నింపించుకొస్తారు. మొదటిసారి వెళ్లేటప్పుడు, "చప్పుడేం లేదోయ్" అని గొణిగారు. వచ్చాక కాగితం నాకివ్వలేదు, ఆయనే కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదువుకున్నారు. ముందు కుడి చక్రానికి బయట తొమ్మిది, లోపల ఏడు.

"ఈ పక్క పిన్ను పట్టేస్తున్నట్టుంది" అన్నారు.

ఆ మర్నాడు ఆదివారం. బకెట్టూ షాంపూ అక్కడే వున్నాయి, ఆయన మాత్రం పొద్దున్నే బండి తీసుకుని షాపుకి వెళ్లిపోయారు. ఉప్మా ఆ రోజూ చల్లారిపోయింది.